బూస్టర్ కొనేముందు స్ప్లిట్టర్లు లెక్కపెట్టండి

ఇంటి నెట్ గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. కేబుల్ టీవీ వైరులోనే నెట్ కూడా వస్తుంది. మిద్దె మీద గదిలో ఇంకో టీవీ పెట్టి వైర్లన్నీ సర్దినప్పటి నుంచి నెట్ మాటిమాటికీ తెగిపోతోంది. టీవీలు మాత్రం బాగానే వస్తున్నాయి. కేబుల్ అబ్బాయి బూస్టర్ పెట్టుకోమంటున్నాడు. పెట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు పాతబస్తీ

జవాబు: వద్దండీ. అంగళ్లలో దొరికే మామూలు టీవీ బూస్టర్ సిగ్నల్‌ను ఇంట్లోకి వచ్చే వైపే పెంచుతుంది. టీవీకి అది సరిపోతుంది, ఎందుకంటే టీవీ తిరిగి ఏమీ పంపదు. మోడెం మాత్రం అదే వైరులో ఆపరేటర్‌కు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు 65 మెగాహెర్ట్జ్ లోపు ఫ్రీక్వెన్సీల్లో పోతుంది. ఒంటివైపు బూస్టర్ ఆ దారిని మూసేస్తుంది. అప్పుడు తెగుతూ వస్తున్న నెట్ పూర్తిగా ఆగిపోతుంది. పైగా బూస్టర్ సిగ్నల్‌తో పాటు వైరులోని రొదను (అక్కరలేని సిగ్నళ్లను) కూడా అంతే పెంచుతుంది, కాబట్టి పాడైన సిగ్నల్ బాగుపడదు.

టీవీలు బాగా వస్తున్నాయంటే వైరు బాగుందని అర్థం కాదు. తిరుగుదారిలోనే తేడా ఉంటే టీవీకి దాని సంగతే తెలియదు.

మొదట వైఫైని పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో మోడెంకు కలిపి చూడండి. అలా కలిపినా నెట్ తెగుతుంటే లోపం లైనులోనో మోడెంలోనో ఉన్నట్టు. తర్వాత బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టండి. చాలా కేబుల్ మోడెంలలో సిగ్నల్ పేజీ తెరుచుకుంటుంది. డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే ఇంట్లోకి వచ్చే సిగ్నల్ బలం, మైనస్ 7 నుంచి ప్లస్ 7 డీబీఎంవీ (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. రొద కంటే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే ఎస్ఎన్ఆర్ 33 డెసిబెల్ దాటి ఉండాలి. అప్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెం తిరిగి పంపే సిగ్నల్ బలం, 35 నుంచి 49 డీబీఎంవీ మధ్య ఉంటే మంచిది. ఇది 50 దాటిందంటే మోడెం గొంతు చించుకుంటేగానీ అవతలికి వినిపించడం లేదన్నమాట. మీ ఇంట్లో తెగిపోతున్నది ఇక్కడేనని మా అనుమానం. ఆపరేటర్ ఆ పేజీని మూసి ఉంచితే, మీటరు తెచ్చి కొలిచి చూపమనండి. అలా అడిగే హక్కు మీకుంది.

ఇక ఇంట్లో వైరు ఏ దారిన పోతోందో చూడండి. ఒక వైరును పలు దారులుగా చీల్చే చిన్న డబ్బీయే స్ప్లిట్టర్. రెండు దారుల స్ప్లిట్టర్ ఒక్కో దారిలో సుమారు 3.5 డెసిబెల్ సిగ్నల్ తింటుంది, నాలుగు దారులది సుమారు 7 తింటుంది. ఇంట్లో వేసే కేబుల్ వైరు (ఆర్‌జీ 6) ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర 20 మీటర్లకు 4 డెసిబెల్ దాకా తింటుంది. మీలాంటి ఇళ్లలో మామూలుగా జరిగేది ఇది: గడప దగ్గర నాలుగు దారుల స్ప్లిట్టర్ వేస్తారు. కొత్త టీవీ వచ్చేసరికి మేడ మీద దాని వెనక రెండు దారులది ఇంకోటి తగిలించి, దాని చివర మోడెం పెడతారు. మొత్తం 7, 3.5, 4 కలిపి 14.5 డెసిబెల్ నష్టం. గడప దగ్గర ప్లస్ 6 వచ్చినా మోడెం దగ్గరికి చేరేది మైనస్ 8.5. తిరుగుదారిలో వైరు నష్టం తక్కువే గానీ, స్ప్లిట్టర్లు తినే 10.5 మాత్రం అలాగే పడుతుంది.

కొత్త వస్తువులతో పెద్దగా పని లేదు, ఉన్నవాటి వరస మార్చాలి. లైను ఇంట్లోకి రాగానే 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న మంచి రెండు దారుల స్ప్లిట్టర్ ఒకటి పెట్టండి. ఒక దారి మధ్యలో జాయింటు లేకుండా నేరుగా మోడెంకు పోవాలి. రెండో దారిలో టీవీలు పంచుకోవాలి. ఇప్పుడు మోడెంకు నష్టం 3.5, 4 కలిపి 7.5 మాత్రమే, అంటే ప్లస్ 6 కాస్తా మైనస్ 1.5 అవుతుంది. టీవీలు రెండే అయితే నాలుగు దారులది తీసేసి అక్కడ కూడా రెండు దారులదే వేయండి. 3.5, 3.5 కలిస్తే పాత 7 డెసిబెల్లే కాబట్టి టీవీలకూ అన్యాయం జరగదు. వాడని రంధ్రం ఏదైనా మిగిలితే దానికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ మూత బిగించండి. తెరిచి వదిలేస్తే సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కి వస్తుంది, వీధిలోని రొద కూడా అందులోంచే దూరుతుంది.

వరస మార్చేటప్పుడు వైరు కొసలకు ఉండే ప్రతి ఎఫ్ కనెక్టర్‌నూ విప్పి వెలుతురులో చూడండి. సగం జబ్బులు ఇక్కడే దొరుకుతాయి. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి సుమారు 3 మిల్లీమీటర్లు మెరుస్తూ నిటారుగా కనిపించాలి. దాని చుట్టూ ఉన్న తెల్ల భాగం లోపలి అడుగుకు సమంగా ఉండాలి. అల్లిక తీగల్లో వెంట్రుకంత పోగు ఒక్కటి మధ్య తీగకు ఆనుకున్నా చాలు, సిగ్నల్ కుప్పకూలుతుంది. చేత్తో తిప్పి ఎక్కించే కనెక్టర్లు కొన్నాళ్లకు వదులవుతాయి, వాటిని కోసేసి పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ రకం వేయించండి. ఆకుపచ్చ చిలుము గానీ తెల్లపొడి గానీ కనిపిస్తే ఆ కొస పనికిరాదు. మిద్దె మీద మన ఎండలకు వైరు పైతొడుగు బీటలిస్తుంది. తొలి వానకే అందులోంచి నీళ్లు దిగి అల్లిక నల్లబడుతుంది. తీగ తళతళలాడే చోటు వచ్చేదాకా కోసుకుంటూ రావాలి, చాలా దూరం నల్లబడితే ఆ ముక్క మొత్తం మార్చాలి. గోడ రంధ్రంలోకి దూరే ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పితే వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఇవన్నీ చేశాక కూడా బాధ తీరకపోతే పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి ఆ పేజీలోని అంకెలు రాసిపెట్టుకోండి. మధ్యాహ్నం మాత్రమే అంకెలు దిగజారితే ఎండకు వ్యాకోచించే వదులు జాయింటో, వీధిలో సిగ్నల్ పెంచే ఆపరేటర్ యాంప్లిఫయరో కారణం అయి ఉంటుంది. ఇంట్లోని ఇరవై మీటర్ల వైరు వేడెక్కినంత మాత్రాన అంత తేడా రాదు. రాత్రి అంకెలు బాగానే ఉండి వేగమే తగ్గితే అది సిగ్నల్ జబ్బు కాదు, ఒకే లైను మీద వాడేవాళ్లు ఎక్కువైపోవడం. దానికి మీరు ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు, ఆపరేటరే సామర్థ్యం పెంచాలి.

ప్రశ్న: మా కేబుల్ వాళ్లు పాత వైరు తీసేసి ఫైబర్ వేశారు. బాక్సు మీద ఎర్రలైటు అప్పుడప్పుడు వెలుగుతోంది. పైన చెప్పే స్ప్లిట్టర్ చిట్కాలు దీనికి పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: పనికిరావు. ఇది వెలుతురు మీద నడిచే లైను. ఎల్‌ఓఎస్ అనే ఎర్రలైటు వెలిగిందంటే ఆ వెలుతురు బాక్సుకు అందడం లేదని అర్థం. అప్పుడప్పుడే వెలుగుతుంటే ముందు వంపులు చూడండి. బీరువా వెనక నలిగిందా, కిటికీ రెక్క కింద పడిందా, మేకు క్లిప్పు గట్టిగా కొట్టారా? మామూలు ఫైబర్‌ను 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువుగా వంచకూడదు. మిగిలిన తీగను చిన్న చుట్టగా కట్టి టేపు వేసే అలవాటు చాలా చోట్ల ఉంది, దాన్ని విప్పి వదులుగా పెద్ద చుట్ట చేయండి.

కనెక్టర్ రంగు కూడా చూడండి. ఆకుపచ్చది కొస ఏటవాలుగా కోసినది, నీలిది కొస దాదాపు నిటారుగా ఉన్నది. పచ్చదాన్ని నీలి సాకెట్‌లో దోపితే రెండు కొసలూ కలవక నష్టం బాగా పెరుగుతుంది. బాక్సు పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ (బాక్సుకు అందే వెలుతురు బలం) కనిపిస్తే అది మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 25 దాటి కిందికి పోయిందంటే ఇంకొక్క వంపు పడినా లైను పోతుంది, వెంటనే ఆపరేటర్‌కు చెప్పండి. కొసను నోటితో ఊదవద్దు, చొక్కాతో తుడవవద్దు. కంటికి కనిపించని వెలుతురు కాబట్టి కొసలోకి తొంగి చూడనే వద్దు. ఇది పిల్లలకు కూడా చెప్పండి.

ప్రశ్న: లైను బాగానే ఉంది, ముందు గదిలో 100 ఎంబీపీఎస్ వస్తుంది. వెనక గదిలో ఫోన్‌కు అందదు. మాది పాత రాతి ఇల్లు, గోడలు అడుగున్నర మందం. పెద్ద ప్లాన్ తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ప్లాన్ పెంచితే ముందు గదిలో వేగం పెరుగుతుంది, వెనక గది అలాగే ఉంటుంది. అంత మందం రాయిని 5 గిగాహెర్ట్జ్ వైఫై దాదాపు దాటలేదు, 2.4 కూడా బాగా నీరసిస్తుంది. రిపీటర్ ఆ నీరసించిన సిగ్నల్‌నే పట్టుకుని పంచుతుంది కాబట్టి దాని మీద డబ్బు పెట్టవద్దు. ముందు గది రౌటర్ నుంచి క్యాట్ 6 అనే ల్యాన్ వైరు ఒకటి వెనక గదికి లాగి, పాత రౌటర్ ఉంటే దానికే తగిలించండి. అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపి, దాని ఐపీ చిరునామా మొదటి రౌటర్ వరసలోనే వేరే అంకెకు మార్చి, వైరును ల్యాన్ రంధ్రంలోనే పెట్టండి, బయటి లైనుకు ఉద్దేశించిన వ్యాన్ రంధ్రంలో కాదు. రెండు రౌటర్లకూ 2.4 లో వేర్వేరు చానెళ్లు ఇవ్వండి, ఒకదానికి 1, ఇంకోదానికి 6 లేదా 11. ఇనుప బీరువా పక్కన మాత్రం పెట్టకండి.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారిన ప్రతిసారీ మోడెం ఆగి మళ్లీ మొదలవుతుంది. మోడెం పాతదైపోయిందా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: ఎక్కువసార్లు అడాప్టర్ బలహీనపడటమే కారణం, ఆ రెప్పపాటు కూడా అది ఓర్చుకోలేదు. దాని మీద రాసిన వోల్టులే ఉన్న, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉన్న కొత్తది వేయండి. అప్పటికీ ఆగితే అదే వోల్టుల మినీ యూపీఎస్‌ను (చిన్న బ్యాటరీ పెట్టెను) మధ్యలో పెట్టండి. పవర్ లైటు వెలుగుతూనే ఉండి ఆన్‌లైన్ లైటు ఒక్కటే ఆరుతుంటే మీ ఇంట్లో ఏ లోపమూ లేదు, వీధిలోని కేబుల్ యాంప్లిఫయర్‌కు కరెంటు పోతోందన్నమాట. దానికి బ్యాటరీ పెట్టించాల్సింది ఆపరేటరే.