నేవీ పైలట్, ఆ తర్వాత లా, ఆ పైన సివిల్స్: మూడూ కుదురుతాయా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో ఏడాది. అమెరికాలో నేవీ పైలట్‌గా, లాయర్‌గా, ప్రభుత్వంలో పెద్ద అధికారిగా పనిచేసిన నజీబ్ హలాబీ గురించి చదివి, తనదీ అదే దారి అంటున్నాడు. నేవీలో పన్నెండేళ్లు గడిచాక చేతిలో ఏం మిగులుతుంది? నేరుగా లా చదివితే మేలు కదా? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: హలాబీ కథను మీవాడు తిరగేసి చదివాడండీ. ఆయన ముందు లాయరు. 1940లో యేల్‌లో లా పూర్తిచేసి, లాస్ ఏంజెలెస్‌లో ప్రాక్టీసు చేశాడు. యుద్ధం రావడంతో విమానాల కంపెనీ లాక్‌హీడ్‌లో, తర్వాత నేవీలో టెస్ట్ పైలట్ అయ్యాడు. 1945 మే 1న కాలిఫోర్నియాలోని మురాక్ నుంచి మేరీలాండ్‌లోని పటక్సెంట్ రివర్‌కు పీ-80 జెట్‌లో 5 గంటల 40 నిమిషాల్లో చేరాడు. జెట్ విమానంలో అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు దాటడం అదే మొదలు. 1961లో కెనెడీ ఆయన్ని విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి అధిపతిని చేశాడు. పరీక్షా లేదు, వయసు లెక్కా లేదు, నేరుగా నియామకం. (తర్వాత ప్యాన్ యామ్ విమానయాన సంస్థను నడుపుతూ, నష్టాల మధ్య 1972లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. మీవాడు ఆ పేజీ దాకా వెళ్లినట్టు లేడు.)

మన దగ్గర ఆ చివరి మెట్టే అనుమానం. 'లాటరల్ ఎంట్రీ ఉందిగా' అని ఈమధ్య పిల్లలందరూ అంటున్నారు, అంటే సివిల్స్ రాయకుండానే బయటివారిని నేరుగా ప్రభుత్వంలో పెద్ద పోస్టుల్లోకి తీసుకోవడం. 2024 ఆగస్టులో 45 పోస్టులకు వచ్చిన ప్రకటనను మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. అలాంటిదాని మీద పదిహేనేళ్ల ప్రణాళిక కడతారా?

ఇక సివిల్స్. జనరల్ అభ్యర్థికి వయసు పరిమితి 32. అయిదేళ్లు సర్వీసు చేసిన షార్ట్ సర్వీస్ (కొన్నేళ్ల గడువుకే చేరే) అధికారికి మరో అయిదేళ్లు సడలింపు, అంటే 37. 23కి చేరి 12 ఏళ్లు చేస్తే బయటికొచ్చేసరికి 35. మూడేళ్ల లా అయ్యేసరికి 38, అప్పటికి సివిల్స్ గడువు దాటిపోతుంది. కాబట్టి నేవీ తర్వాత లా, లేదా సివిల్స్. రెండూ కావు. సర్వీసులో ఉంటూ లా చదవడమూ కుదిరే పని కాదు. హాజరు తప్పనిసరి, దూరవిద్య ఎల్ఎల్‌బీని బార్ కౌన్సిల్ ఒప్పుకోదు.

అలాగని మీ మాటకు తలూపలేను. లాకు వయసు పరిమితి లేదు, 35లోనూ చేరవచ్చు. పైలట్ ఎంట్రీ మాత్రం పాతికేళ్లలోపే ముగిసిపోతుంది. ముందు లా చదివించి తర్వాత నేవీకి పంపుదామనుకుంటే, ఆ తర్వాత అనేది ఉండదు. షార్ట్ సర్వీసులో పెన్షన్ లేని మాట నిజమే, గ్రాట్యుటీ వస్తుంది. విమానం నడిపిన గంటలు లాగ్‌బుక్కులో ఉంటాయి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాసి పౌర లైసెన్సుకు వాడుకోవచ్చు. దాన్ని 'ఏమీ మిగలదు' అంటారా? మీ బెంగ నేవీ గురించి కాదు, 35 ఏళ్లకు కొడుకు ఉద్యోగం లేకుండా ఇంటికొస్తే నలుగురూ ఏమంటారోనని. ఆ బెంగను వాడి నెత్తిన పెట్టకండి.

ఈ వారంలో కంటి డాక్టరుకు చూపించండి, రంగుల గుర్తింపు పరీక్షతో సహా. అందులో తేడా ఉంటే ఈ వాదన ఇంతటితో సరి. బాగుంటే ఈతకు పంపండి. సీపీఎస్ఎస్ అనే పైలట్ పరీక్షను జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే మళ్లీ అవకాశం లేదు. సరదాగా ఓ చూపు చూసొస్తానంటే మాత్రం ఆపండి.