ఏడో పేజీలో మీ తాత

అమ్మాయ్,

నువ్వు పంపించిన వ్యాసం అందింది. రాత్రి చదివి, కోపం తగ్గుతాదేమో అని పొద్దున మళ్ళీ చదివాను, తగ్గలా. భాష బాగుండాది, వాక్యం ఎక్కడా తడబడలా, ఆ మాట చెప్పేశాను కాబట్టి ఇంక అసలు సంగతికి వస్తా.

ఆరు పేజీలు 'సత్యం సాపేక్షం, ఎవరి సత్యం వాళ్ళది' అని రాసుకుంటా పోయావు. ఏడో పేజీలో ఉన్నట్టుండి ఒక లైను వచ్చింది, "మా తాతకి మెడ తిరిగేది కాదు, పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పేవాడు" అని. నేను అక్కడ ఆగిపోయా, చానాసేపు ముందుకి పోలేకపోయా. నువ్వు మాత్రం ఆగలా. 'మనిషి అహంకారం కూడా అంతే' అని ఒక పోలిక కట్టి, పేజీ తిప్పేసరికి ఎవరో జర్మనీ ఆయన దగ్గరికి వెళ్ళిపోయావు. తాత ఏమైపోయాడు? మీది కనిగిరి పక్క అని నువ్వే రాశావు. కనిగిరి పక్క పుట్టిన పిల్లకి ఆ మెడ ఎందుకు తిరగదో తెలీకుండా ఉంటాదా?

నువ్వు రాయలేదు కాబట్టి నేను రాస్తా. తాగే నీళ్ళల్లో ఉండే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి బిగించేస్తాది, అదే ఫ్లోరైడ్ జబ్బు. మన దేశంలో అది మొదట బయటపడింది మన నేల మీదే, 1937లో. అప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి అంతా నెల్లూరు జిల్లానే, 1970లో కదా ప్రకాశం జిల్లా విడిగా ఏర్పడింది. షార్ట్ అనే డాక్టరు తన తోటివాళ్ళతో కలిసి ఆ జబ్బు గురించి పేపరు రాశాడు. కానీ డాక్టర్ల కంటే ముందు పట్టుకుంది రైతులని చెప్తారు. దుక్కిలో ఎద్దులు నడవలేక కూలబడిపోతా ఉంటే, కొత్త జత తెచ్చి కట్టారంట, కొన్నాళ్ళకి వాటికీ అదే గతి. జబ్బు ఎద్దులో లేదు, ఇక్కడే ఇంకెక్కడో ఉండాదని వాళ్ళకి అనుమానం వచ్చింది. చదువులేని మనుషులు, మడకలు పక్కన పెట్టి చేసిన తర్కం అది, నీ పన్నెండు పేజీల్లో అంత తర్కం నాకు కనపళ్ళా.

జ్ఞానం ఎట్టా పుడతాదని అడిగావు గదా, మీ తాత నీళ్ళు తాగిన బోరు దగ్గరే నిలబడి చూడు. నీళ్ళు తేటగా ఉంటాయి, వాసన రాదు, నాలిక్కి ఏ తేడా తెలీదు. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, అంటే కంటికీ ఒంటికీ తెలిసిందే జ్ఞానానికి ఆధారం అన్న పాతకాలపు నాస్తికులు చార్వాకుల లెక్కన అవి మంచినీళ్ళు. కాచి తాగితే మేలని మనకి చిన్నప్పటి నించీ చెప్పారు, ఈ నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోదు సరిగదా ఇంకా చిక్కబడతాది. కంటికీ ముక్కుకీ నాలిక్కీ అందనిది ఎట్టా తెలిసింది? ఒకే నీళ్ళు తాగే ఇళ్ళల్లో పిల్లల పళ్ళు గారలు కట్టినాయి, వేరే నీళ్ళు తాగే వీధిలో కట్టలేదు, అక్కడినించి అనుమాన ప్రమాణం, అంటే కనపడేదాన్ని బట్టి కనపడనిదాన్ని పట్టుకోవడం. తర్వాత ల్యాబు వాళ్ళు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటింది, తాగొద్దు అని రాసిచ్చిన కాయితం, అది నమ్మదగ్గ వాళ్ళ మాట, శబ్ద ప్రమాణం. మన పాత తర్కశాస్త్రం, న్యాయదర్శనం, ఎప్పుడో చెప్పిన సంగతులివి, వాటి కోసం జర్మనీ దాకా పోనక్కర్లా.

ఇప్పుడు నీ 'ఎవరి సత్యం వాళ్ళది' తీసుకుని ఆ ఊళ్ళోకి పో. తాత వయసు అన్నాడు, పక్కింటావిడ పోయిన జన్మ పాపం అంది, ఆర్‌ఎంపీ వాతం అని సూది వేశాడు. ముగ్గురివీ మూడు సత్యాలు అని నువ్వు గౌరవంగా ఒప్పుకుంటే తాత చచ్చేదాకా అదే బోరు నీళ్ళు తాగతాడు. వెన్నుపూసలో చేరి బిగించేదానికి ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు. ఏనుగూ గుడ్డివాళ్ళ కథ కూడా తెచ్చావు. అమ్మా, అక్కడ ఏనుగనేది ఒకటి నిజంగా నిలబడి ఉండాదని ఒప్పుకుంటేనే గదా ఆ కథ నడిచేది! వాళ్ళల్లో ఒక్కడు చెయ్యి తీసి పక్కవాడు తడిమే చోట పెట్టి ఉంటే తగువు అక్కడే తీరేది, ఆ పని ఎవరూ చెయ్యలేదనేదే నాకు బాధ.

మానవ స్వభావం గురించి నువ్వు రాసిన 'మనిషి అబద్ధాన్ని ప్రేమిస్తాడు' అనే మాట నేను ఒప్పుకోను. తాత వయసు అన్నది అబద్ధం మీద ప్రేమతో కాదు. నీళ్ళు అంటే ఇంకో బోరు కావాలి, డబ్బులు కావాలి, లేకపోతే ఊరు వదలాలి. వయసు అంటే ఏదీ అక్కర్లా. చేతిలో చేసేదానికి ఏమీ లేనప్పుడు మనిషి తట్టుకోగలిగిన కారణాన్నే పట్టుకుంటాడు, వాడి మీద తీర్పు రాసే ముందు వాడి చేతిలో ఏముందో చూడు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ సంగతి నీకు తెలిసే ఉంటాది, నువ్వు పుట్టకముందు కథ. సారా కొంప ముంచతా ఉండాదని ఆ ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లా, రోజూ ఒంటి మీద తెలస్తానే ఉండాది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటా తమలాంటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన పాఠం చదివారు. అందరూ విడివిడిగా ఎరిగిన సంగతే, నలుగురిలో కూర్చుని గట్టిగా చదివేసరికి లేచి పోయి కొట్టు మూయించారు, 1993కి రాష్ట్రం మొత్తం సారా నిషేధం వచ్చింది. తెలియడం ఒకటి, తెలుసని నలుగురి ముందు ఒప్పుకోవడం ఇంకొకటి. రాసేవాళ్ళ పని ఆ రెండోదాని దగ్గరే ఉండాదని నా నమ్మకం, ముప్ఫై నలభై ఏళ్ళుగా ఇదే చెప్తా ఉండా, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

నచ్చలేదు చానామందికి. నేను ఒక పేపరుకి కంట్రిబ్యూటరుగా చేసేటప్పుడు లైన్ అకౌంట్ మీద బతుకు, ఎన్ని లైన్లు పడితే అంత డబ్బు. దర్శి పక్క ఊరికి బస్సులో పోయి, ఇంటింటికీ తిరిగి, ఏ బోరు నీళ్ళు తాగే ఇంట్లో ఎవరికి కాళ్ళు వంకర పోయినాయో రాసి పంపితే డెస్కులో అదంతా కొట్టేసి 'కలుషిత నీటితో ప్రజల ఆందోళన' అని నాలుగు లైన్లు వేశారు. ఎవరూ ఆందోళన చెయ్యలేదు అక్కడ, మూలగతా కూర్చున్నారు. తర్వాత అదే కథగా రాసి ఒక వారపత్రికకి పంపితే ఎడిటరు గారు ఊరి పేర్లు తీసెయ్యి, విశ్వజనీనత వస్తాది, కాస్త తాత్వికత కలుపు అన్నాడు. నేను కలపలేదు, వాళ్ళు వెయ్యలేదు. ఇప్పుడు పోటీల్లో ప్రైజులొచ్చే వ్యాసాలు చూస్తా ఉంటే పేజీకి ముగ్గురు విదేశీయుల పేర్లు, ఒక్క ఊరి పేరు ఉండదు, ఒక్క మనిషి దగ్గర చెమట వాసన రాదు. నీ వ్యాసం ఆ దారిన పోతా ఉండాదని భయం వేసే ఇంత పొడుగు రాస్తా ఉండా.

కలం పేరు పెట్టుకోమంటారా, పుస్తకం ఎవరు వేస్తారు, ఫలానా పత్రికకి పంపమంటారా అని అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేం లేదు.

మీ నాయనమ్మ ఉన్నారా? ఉంటే ఈ పండక్కి పోయి అడుగు, ఆ బోరు ఏ సంవత్సరం వేశారు, దానికి ముందు తాగే నీళ్ళు ఎక్కడివి, తాత మెడ పట్టేసిందని మొదట ఎవరు గమనించారు, ఆయన ఏం పనికి పోయేవాడు, ఆ పని ఎప్పుడు మానేశాడు. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయి, నువ్వు చూసింది వేరే రాయి, నువ్వు ఊహించింది ఊహించినట్టే రాయి, మూడూ కలిపెయ్యొద్దు. వాట్సాప్‌లో ఫోటోలు తీసి పెట్టొద్దు, నాకు కళ్ళు సరిగ్గా ఆనవు, కాయితాల మీద రాసి పోస్టులో పంపు.