జెర్మాట్ పోతున్నవా? ముందు పైసలు లెక్కేసుకో

తమ్మీ, అచ్చంపేట నుంచి స్విట్జర్లాండ్‌కు వచ్చి మొదటి చలికాలమే ఆలుమగలు జెర్మాట్ అనే కొండ ఊరికి స్కీయింగ్‌కు పోదామనుకుంటున్నమని రాసినవు. తప్పకుండ పోవాలె. కానీ ఉత్సాహం మీద కార్డు గీకకు.

నేను దేవరకొండ నుంచి వచ్చిన కొత్తల అట్లనే గీకిన. స్కీలు, బూట్లు, సూటు అన్నీ కొత్తయి కొన్న. పైనుంచి కొండ మొత్తానికి చెల్లే లిఫ్టు పాసు తీసుకున్న. నిలబడుడే రానోనికి అంత కొండ ఎందుకని చెప్పేటోళ్లు లేకుండిరి. పొద్దంతా పిల్లలు నేర్చుకునే జాగ దాటలే. జీన్స్ మీద వేసుకున్న ఆ సూటు లోపలికి మంచు దూరి, సాయంత్రానికి మోకాళ్లు బిగుసుకపోయినయి. అదే వారం నాయిన ఫోన్ చేసి బోరు మోటరు కాలిందన్నడు. వరి పొట్ట మీద ఉన్నది. పంపుదామంటే చేతిల లేవు. ఆ రాత్రి నిద్రపట్టలే. తర్వాత పైసా పైసా చూసుకుంటనే ఈ దేశంల ఇల్లు కట్టుకున్న, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

ముందు హాఫ్ ఫేర్ కార్డు తీసుకో. రైళ్లకే కాదు, 3,089 మీటర్ల ఎత్తున్న గోర్నర్‌గ్రాట్ కొండకు ఎక్కే పళ్లచక్రాల రైలుకూ సగమే టికెట్. స్కీలు కిరాయికి తెచ్చుకో, నేర్పే సారును పెట్టుకో. స్కీ దారులల్ల నీలం గుర్తుయి సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు జోలికి పోకు. జెర్మాట్ ఊర్లకు మామూలు కార్లు రానియ్యరు. కింద తేష్ అనే ఊర్ల కారు ఆపి 12 నిమిషాలు రైల్ల పోవాలె.

పైసా ఖర్చులేని సంబురం హింటర్‌డార్ఫ్, అంటే జెర్మాట్‌లనే ఉన్న పాత వాడ. ఎండకు నల్లబడ్డ పాత కట్టె కొట్టాలుంటయి. ఒక్కో కాలు మీద గుండ్రటి రాతి పలక పెట్టి, దానిమీద గది నిలబెట్టిన్రు, ఎలుకలు ఎక్కకుండ. మన గరిసెలకు ఆవుపేడ అలికి గింజలు కాపాడుకున్నట్టే. వంగి ఆ పలక కింద చూడు, పనితనం తెలుస్తది.

నడకకు ఎండకాలం రా. సలేశ్వరం లోయ దిగి ఎక్కినోనివి, భయం లేదు. పసుపు బోర్డుల మీద ఎన్ని గంటల నడకో రాసుంటది, టికెట్ ఉండది. తెలుపు, ఎరుపు, తెలుపు గీతలున్న దారికి గట్టి బూట్లు కావాలె. సీసల నీళ్లు కొనకు, ఊరి నల్లల నింపుకో. పులిహోర ఇంటి నుంచే కట్టుకపో.

ఉద్యోగస్తునివి గనుక నీకు కంపెనీ తరఫున యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ ఉంటది. మరదలికి ఉద్యోగం లేకపోతే ఆమె హెల్త్ పాలసీల అది కలిపి ఉందా లేదా, టికెట్లు కొనకముందే చూసుకో.