జ్యూస్ డైట్‌లో తగ్గిన 4 కిలోలు మళ్లీ వచ్చేశాయంటే

ఏడు రోజులు జ్యూస్‌లే తాగి తగ్గిన 4 కిలోలు మళ్లీ వచ్చేశాయా? ఆ ఏడు రోజుల్లో మీకు పోయినదాంట్లో ఎక్కువ భాగం నీరేనండి, కొవ్వు కాదు. ఒంట్లో దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజెన్ (అన్నం లాంటి పిండిపదార్థాల నుంచి ఒళ్లు చేసుకునే నిల్వ) సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మొదలెట్టగానే రెండూ తిరిగొస్తాయి.

1. అన్నం మానకండి, కప్పుతో కొలిచి పెట్టుకోండి. పక్కన చేప పులుసో, గుడ్లో, గట్టి పప్పో ఉండాలి.

2. అందరూ లెక్కలో వదిలేసేది నూనె. 15 మి.లీ. అంటే దాదాపు 120 కేలరీలు, ఇంచుమించు అరగంట నడక. ప్యాకెట్ వంచి మూకుడులో పోస్తే లెక్క తెలీదు. మనిషికి రోజుకి 20 మి.లీ. చొప్పున, నలుగురికి నెలకి 2.4 లీటర్లు విడిగా డబ్బాలో పోసుకోండి. నెలాఖరు దాకా అదే. వంజరం వేపుడు చేసిన రోజు ఎంత దిగిందో చూడండి, అర్థమవుతుంది.

3. విశాఖ ఆర్కే బీచ్‌లో నడక మంచిదే, బజ్జీల బండి దగ్గర ఆగకపోతే.

4. పొద్దున్నే బరువు చూసి వారం సగటు రాసుకోండి. వారానికి అరకిలో తగ్గితే చాలు. షుగర్ మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి.