కాణిపాకంలో ప్రమాణం చేసినా మళ్లీ తాగారు.. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సమావేశాలకు వెళ్తే మానగలరా?

ప్రశ్న: మాది చిత్తూరు. మావారికి 44 ఏళ్లు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. చాలా ఏళ్లుగా రోజూ తాగేవారు. రెండేళ్ల కిందట కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేసి నాలుగు నెలలు ముట్టుకోలేదు. మామిడి సీజన్ రాగానే మళ్లీ మొదలు. ఈమధ్య తిరుపతిలో ఆసుపత్రిలో చేర్పించి మాన్పించాం. ఇంటికి వచ్చి మూడు వారాలైంది. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఏఏ సమావేశాలకు వెళ్లమని డాక్టరు చెప్పారు. ‘నలుగురిలో తాగుబోతునని చెప్పుకుని ఊళ్లో ఎలా తిరగను?’ అంటున్నారు ఈయన. అవి క్రైస్తవ ప్రార్థనలని మా అత్తగారి అనుమానం. ఆ సమావేశాలు ఎక్కడ జరుగుతాయో ఎలా తెలుసుకోవాలి? తెలిసినాయన ఒకరు అన్నంలో కలిపే మందు ఇస్తానంటున్నారు. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆ మందు వాడవద్దు. ఇలా చాటుగా ఇచ్చే పొడుల్లో చాలాసార్లు డైసల్ఫిరామ్ ఉంటుంది, తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే ఔషధం అది. అది కడుపులో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. డైసల్ఫిరామ్ ఆపిన రెండు వారాల వరకూ ఈ ప్రమాదం ఉంటుంది. డైసల్ఫిరామ్ మంచి మందే. కాలేయం, గుండె పరీక్షించాక, రోగికి అన్నీ చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ఇవ్వాలి. పైగా అన్నంలో ఏదో కలుపుతున్నారని ఒక్కసారి తెలిస్తే ఆయన ఇక మీ చేతి అన్నం నమ్మరు.

ప్రమాణం సంగతికి వస్తే, కాణిపాకంలో ఒట్టు వేసి మానినవాళ్లు ఉన్నారు. నేను దాన్ని చిన్నచూపు చూడను. చిక్కల్లా ఒట్టు తప్పిన మర్నాడు వస్తుంది. ‘దేవుడి దగ్గరే మాట తప్పాను, ఇక నేనేం బాగుపడతాను’ అనుకుని ఇంకా ఎక్కువ తాగుతారు, దాచి తాగుతారు. ప్రమాణం జన్మంతటికీ చేస్తారు. ఏఏలో అడిగేది ఈ ఒక్క రోజు తాగకుండా గడపమని. రేపటి సంగతి రేపు. తప్పినవాడు తిరిగొస్తే ఎందుకు తాగావని నిలదీయరు, కుర్చీ చూపిస్తారు.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టారు. ఒకరు షేర్ల వ్యాపారంలో పనిచేసినాయన, మరొకరు సర్జన్. చందా కట్టనక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఖర్చులకు సభ్యులే తోచినంత వేసుకుంటారు, బయటివాళ్ల డబ్బు తీసుకోరు. గది చవకగా దొరుకుతుందని కొన్నిచోట్ల చర్చి హాల్లో కూర్చుంటారు. అత్తగారి అనుమానం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది కానీ ఎవరికి తోచిన రూపంలో వారు తలచుకోవచ్చు. మీవారు వినాయకుడినే తలచుకోవచ్చు.

మొదటి రోజు నోరు విప్పనక్కర్లేదు. పేరు చెప్పి, ‘వినడానికి వచ్చాను’ అంటే సరిపోతుంది. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల కట్టుబాటు. తెలిసిన ముఖం కనబడదని మాత్రం నేను హామీ ఇవ్వలేను. కనబడినా ఆయనా అదే బాధతో వచ్చినవాడే కదా! అయినా బెరుకు పోకపోతే చిత్తూరులో కాక తిరుపతిలో సమావేశం ఉందేమో అడగండి. తమిళం అర్థమైతే వెల్లూరూ దూరం కాదు. ఫోనులో హాజరయ్యే ఆన్‌లైన్ సమావేశాలూ ఉన్నాయి.

వివరాల కోసం ముందు ఆయనకు చికిత్స చేసిన వార్డులోనే అడగండి. చాలా ఆసుపత్రులకు ఏఏ సభ్యులే వచ్చి రోగులతో మాట్లాడి వెళ్తుంటారు. తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనూ అడగవచ్చు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లోనూ చూడండి. మత్తు అలవాట్ల విషయంలో సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మీకు దిగులు ఎక్కువైనప్పుడు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. సమావేశం వివరాలు దొరికాక, బస్సెక్కే ముందు ఆ గ్రూపువాళ్లకు ఒకసారి ఫోన్ చేయండి. అద్దె గదులు కాబట్టి చోటు, వేళ మారుతుంటాయి. ఏ భాషలో మాట్లాడతారో, అది ఓపెన్ సమావేశమో క్లోజ్డ్ సమావేశమో కనుక్కోండి. ఓపెన్ అయితే మీరూ పక్కన కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే ప్రవేశం.

ఒక్క సమావేశం చూసి నచ్చలేదంటే వదిలేయకండి, ఇంకో గ్రూపులో వాతావరణం వేరుగా ఉండవచ్చు. అక్కడ ఎవరైనా ‘మాత్రలెందుకు, మానెయ్’ అంటే వినవద్దని చెప్పండి. డాక్టరిచ్చే మందులకు ఏఏ వ్యతిరేకం కాదు. తాగాలన్న తపన తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటివి వాడుతూనే సమావేశాలకు వెళ్లవచ్చు. అవి ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఒకవేళ మళ్లీ రోజూ తాగడం మొదలైతే, కోపంలో సీసాలు పారబోసి ఒక్కసారిగా మాన్పించకండి. ఆఖరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం ఉంటే అది అత్యవసర పరిస్థితి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంత ఉత్తరంలో మీ నిద్ర, మీ తిండి గురించి ఒక్క మాటైనా రాయలేదు మీరు. తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే బృందాలున్నాయి. ఏఏ వాళ్లకు ఫోన్ చేసినప్పుడు వాటి గురించీ అడగండి. మీవారు ఏఏకు వెళ్లినా, వెళ్లకపోయినా మీరు వెళ్లవచ్చు.