మాత్రలు మానేస్తే సరిపోదా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకని ఏడాదిగా రోజుకు రెండు కాల్షియం మాత్రలు, వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి వేసుకుంటోంది. నీరసం, మలబద్ధకం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం ఎక్కువయ్యాయని పరీక్ష చేయిస్తే కాల్షియం 11.4, పారాథైరాయిడ్ హార్మోన్ 118 అని వచ్చింది. డాక్టరు గారు మెడ దగ్గర ఆపరేషన్ అవసరపడవచ్చంటున్నారు. మాత్రలు మానేస్తే సరిపోదా? పాలు, పెరుగు కూడా మాన్పించాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాత్రలను వెంటనే ఆపించవలసిందే. అయితే మీ రిపోర్టులో 11.4 కన్నా దాని పక్కనున్న 118 ముఖ్యం. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు వీటి హార్మోన్ ఎముకల నుంచి కాల్షియాన్ని తీయించి, మూత్రంలో పోయేదాన్ని తగ్గించి, లోటు పూడుస్తుంది. కాల్షియం పెరిగితే గ్రంథులు మెదలకుండా ఊరుకోవాలి. కేవలం మాత్రల వల్లే కాల్షియం పెరిగి ఉంటే, చాలా ల్యాబుల్లో 15 నుంచి 65 వరకు మామూలుగా లెక్కించే ఈ హార్మోన్ బాగా అణగిపోయి కనిపించేది. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆగలేదంటే, పైనుంచి ఎవరో రెండు బిందెలు పోశారన్నది అసలు కారణం కాదు కదా!

ఇలాంటివారిలో ఎక్కువమందికి ఒకే గ్రంథిలో క్యాన్సర్ కాని చిన్న గడ్డ ఉంటుంది. నెలసరి ఆగిన స్త్రీలలో ఇది ఎక్కువ. మాత్రలు జబ్బును పుట్టించలేదు, ఉన్నదాన్ని బయటపెట్టి ఉండవచ్చు. కొన్ని వారాల తర్వాత కాల్షియం, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), హార్మోన్ ఒకే రక్తనమూనాలో మళ్లీ చూపించండి. బీపీకి థయజైడ్ రకం మాత్రలు గాని, మానసిక సమస్యకు లిథియం గాని వాడుతుంటే తప్పక చెప్పండి, అవీ కాల్షియాన్ని పెంచుతాయి. చప్పరించే గ్యాస్ మాత్రల్లో కాల్షియం ఉంటుందని చాలామందికి తెలియదు కనుక, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడమే మేలు.

24 గంటల మూత్రంలో కాల్షియం పరీక్ష మానవద్దు. వంశపారంపర్యంగా వచ్చే ఒక స్థితిలో రక్తంలో కాల్షియం ఎక్కువగా, మూత్రంలో తక్కువగా ఉంటుంది. దానికి ఆపరేషన్ పనిచేయదు. ఎముకల సాంద్రత బాగా తగ్గినా, కిడ్నీలో రాళ్లున్నా, కిడ్నీల పనితీరు మందగించినా, కాల్షియం ల్యాబు గరిష్ఠ పరిమితిని 1 మి.గ్రా. కన్నా ఎక్కువగా దాటినా ఆపరేషన్ వైపే మొగ్గు చూపుతారు. స్కానింగ్ గడ్డ ఎక్కడుందో చూపడానికే గాని జబ్బు ఉందో లేదో తేల్చడానికి కాదు.

పాలు, పెరుగు మామూలుగానే ఇవ్వండి. ఆహారంలో కాల్షియం మరీ తగ్గిస్తే ఆ గ్రంథి ఇంకా రెచ్చిపోతుంది. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే నీళ్లు బాగా తాగించండి. విటమిన్ డి స్థాయి చూసి, తక్కువగా ఉంటే తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టవలసి రావచ్చు. అది డాక్టరు నిర్ణయం. వాంతులు, మాట తడబాటు, లేపినా లేవని మగత కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆపరేషన్ జరిగితే మరో సంగతి గుర్తుంచుకోండి. ఆకలిగొన్న ఎముకలు కాల్షియాన్ని లాగేసుకోవడంతో కొన్నాళ్లపాటు పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. అప్పుడు ఇవే కాల్షియం మాత్రలు వేసుకోమని డాక్టరు గారే రాసిస్తారు.