చెవి ఎముక విరుగుతుందా?

సందేహం: “కొట్లాటలో ఒకాయన చెవి పైభాగానికి దెబ్బ తగిలితే ‘చెవి ఎముక విరిగింది’ అని వార్తలో రాశారు. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో అక్కడ ఉండేది మృదులాస్థి, అది ఎముక కాదు అని ఉంది. ఎముక కానప్పుడు పేరులో అస్థి ఎందుకు? ఇంతకీ ఆ వార్తలో వాక్యం తప్పా?” — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, పేరు సంగతి ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుణ్ణి అడగాలి. ఆయన ఎముకల్ని కపాల, రుచక, తరుణ, వలయ, నలక అని 5 రకాలుగా విభజించాడు. ముక్కు, చెవి, మెడ, కంటిగూడు, ఈ చోట్ల ఉండేవి తరుణాస్థులు అన్నాడు. రుచకాలంటే పళ్లు. పళ్లనే ఎముకల్లో కలిపినవాడు చెవిని వదిలేస్తాడా! ఇప్పటి వైద్యశాస్త్రం ఈ రెంటినీ వేరు చేసింది. ఎముకలో సున్నపు లవణాలుంటాయి, రక్తనాళాలుంటాయి. చెవి డొప్పలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, పైనున్న పొర నుంచే పోషణ అందుతుంది. నిర్వచనం కొత్తదైంది, పేరులో అస్థి మాత్రం ఉండిపోయింది.

తరుణం అంటే లేత. ఎంత చక్కని మాట! గర్భస్థ శిశువుకి కాళ్లూ చేతుల ఎముకలు మొదట మృదులాస్థిగానే ఏర్పడి, ఆ తర్వాత ఎముకగా మారతాయి. చెవి డొప్పలోది సాగే గుణమున్న రకం, అది లేతగానే ఉండిపోతుంది. మృదులాస్థి అనే మాటలో మెత్తదనం తప్ప ఈ లేతదనం వినిపించదు. అయినా బాగా స్థిరపడిపోయింది కాబట్టి మార్చమని పట్టుబట్టను.

అసలు చూడవలసింది క్రియలు. దెబ్బల గురించి చెబుతూ సుశ్రుతుడు ఒక్కో రకానికి ఒక్కో క్రియ వాడాడు. తరుణాస్థులు ‘నమ్యంతే’, వంగుతాయి. నలకాలు, అంటే గొట్టంలాంటి పొడుగు ఎముకలు, ‘భజ్యంతే’, విరుగుతాయి. కపాలాలు, అంటే పుర్రెలో ఉండేలాంటి చదునైన ఎముకలు, పగులుతాయి, రుచకాలు చిట్లుతాయి. ఈ క్రియలన్నీ తెలుగులో నిక్షేపంలా ఉన్నాయి. నలగడం, కమలడం, చీలడం, తెగడం కూడా ఉన్నాయి. ఇన్ని ఉండగా మన విలేకరులు దేనికైనా ‘విరిగింది’ అనో, ‘ఫ్రాక్చర్ అయింది’ అనో రాసేసి ఊరుకుంటారు. ఇది బద్ధకం తప్ప మరొకటి కాదు.

చెవి పైఅంచు మడిచి వదిలి చూడండి, వెంటనే యథాస్థానానికి వస్తుంది. కింద తమ్మెలో ఆ మృదులాస్థి కూడా లేదు, ఉన్నదంతా కొవ్వూ పీచూ. రంధ్రం నుంచి కర్ణభేరి దాకా సుమారు 2.5 సెంటీమీటర్ల నాళంలో బయటి మూడో వంతు మృదులాస్థి, మిగిలింది ఎముక. కర్ణభేరికి లోపల కూటకం, దాగలి, అంకవన్నె అని 3 చిన్న ఎముకలున్నాయి. అంకవన్నె అంటే గుర్రపు రౌతు కాలు పెట్టే రికాబు, ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. ‘చెవి ఎముకలు’ అనే మాట నిజంగా చెల్లేది వీటికే.

అందుకని వార్తలో ‘చెవి డొప్ప నలిగింది’ అనో, దెబ్బను బట్టి ‘చీలింది’ అనో రాస్తే సరిపోయేది. గట్టి దెబ్బకి మృదులాస్థి కూడా విరగవచ్చు కాబట్టి ‘విరిగింది’ పూర్తిగా తప్పని అనలేను. మాటల్లో ‘చెవి ఎముక’ అన్నవాళ్లనీ తప్పుపట్టను. ‘మృదు ఎముక’ అని సంస్కృతానికి తెలుగు అతికించిన వైరిసమాసాన్ని మాత్రం ఒప్పుకోను. ‘మృదులాస్తి’ అని రాసేవాళ్లు ఆ ‘త’కి ఒత్తు పెట్టి ‘థ’ చేసి తీరాలి. ‘అస్తి’ అంటే ‘ఉన్నది’ అని అర్థం, ఎముక కాదు.